ఫిరంగి మోగేదాకా

జూన్ 6

చేతులు వణుకుతున్నాయి. అక్షరాలు చూస్తేనే తెలుస్తోంది.

పొద్దున్న టీ ఒలికిపోతే గదిలో అందరూ పగలబడి నవ్వారు. నా కొత్త వేషం అనుకున్నారు. ఇన్నేళ్లూ నవ్వించినందుకు ఇదీ కూలి. మా ఊరి సుబ్బారావయితే... "బావా, ఇంకోసారి చెయ్యవా! గ్లాసుతో కాదు, ఈసారి కంచంతో."

నవ్వనివాడు టైలరు ఖాదరు ఒక్కడే.

జూన్ 7

అమ్ఘరా తుక్కు యార్డులో పాత ఇనుము కోస్తూ కళ్లు తిరిగి పడ్డాను. ఖాదరు షాపు వదిలేసి వచ్చి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాడు. డాక్టరు నా నోటి వాసన చూసి ముందు తలుపేశాడు. ఈ అరబ్బు దేశంలో సారా ఎక్కడిది? ఒంటికి పూసుకునే కొలోన్, పెప్సీలో కలుపుకుని...

"కాయితం మీద రాస్తే పోలీసులు. ఆ పైన ఇఖామా ఖలాస్, దేశం నించి గెంటేస్తారు. రాయకుండా మాత్రలిస్తాను. మళ్లీ తాగాడంటే బతకడు. ఒంటరిగా వదలొద్దు."

ఖాదరుతో చెప్పాడు. నాతో కాదు. నేనేదో సామానునైనట్టు.

జూన్ 10

మాత్రలు. నిద్ర. గోడ మీద పీతలు. లేవని తెలుసు. అయినా నడుస్తున్నాయి.

జూన్ 14

రంజాను నిన్న మొదలయింది. నాకు చెడ్డవేళ పొద్దు గూకే వేళే. బస్సు దిగగానే కాళ్లు వాటంతటవే కొలోన్ అమ్మే కొట్టు వైపు తిరుగుతాయి. ఖాదరుకి తెలుసు. రాయచోటిలో వాళ్లన్న తాగే పోయాడట.

"ఉపవాసం నీకొద్దులే అన్నా, డాక్టరు నీళ్లు తాగమన్యాడు. పొద్దు గూకేటప్పుడు మాత్రం నా పక్కన గూచ్చోవాల. ఉపవాసం ఇడిసే ఫిరంగి రేడియోలో మోగేదాకా ఏమీ ముట్టగూడదు."

"మీ దేవుడు నన్నెక్కడ కూర్చోబెడతాడ్రా సాయిబూ?"

"నా పక్కన. జెప్తి గదా."

జూన్ 19

మేడ మీద వరసగా మనుషులు. ఎదురుగా ఖర్జూరాలు. నోళ్లు ఎండిపోయి, ఎవరూ మాట్లాడరు. నా నోరూ ఎండింది... వాళ్లకి కావలసింది నీళ్లు. నాకు కావలసింది వేరు. అందరూ కలిసి ఓర్చుకుంటుంటే ఆ గడియ ఎలాగో దాటుతోంది. రేడియోలో ఫిరంగి మోగాక చూసుకుంటే దాటేసే ఉంది.

జూన్ 20

ఇవాళా దాటింది. అలిసిపోయాను.

జూన్ 26

నా బుద్ధి ఊరుకోదు. ఖాదరు ఖర్జూరం చేత్తో పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. వెనకనించి "ఢాం!" అని అరిచాను. పెదాల దాకా తీసుకెళ్లి ఆగాడు. ఒక్కడూ నవ్వలేదు.

"నా రోజా పొయ్యుంటే? సిగ్గుండల్ల నీకు."

ఇంక రేపటినించి రమ్మనడు.

జూన్ 27

నా చోటు అట్టే పెట్టాడు. మొహం మాత్రం అటు తిప్పుకున్నాడు.

జూలై 6

పండగ బట్టల గోల. ఖాదరుకి నిద్ర లేదు, షాపులోనే ఇఫ్తారు. నన్నూ అక్కడికే రమ్మని బొత్తాలు కుట్టమన్నాడు. సూదిలోకి దారం ఎక్కింది, ఒక్క విసురుకే. ఎవరికీ చెప్పలేదు.

జూలై 11

మా పేట ఫర్వానియాలో మేడలన్నిటి మీదా జనం... నెలవంక కోసం. కనబడకూడదని మొక్కుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. అది కనబడితే రేపు ఫిరంగి ఉండదు. వరస ఉండదు. పొద్దు మాత్రం గూకుతుంది.

రేడియోలో చెప్పారు. కనబడిందట.

జూలై 12

పండగ. ఖాదరు నమాజు చేసొచ్చి, ఇంత సేమ్యా తిని చాప మీద పడ్డాడు. పీనుగ నయం. టైలర్లకి పండగంటే ఇంతే.

సాయంత్రం సుబ్బారావు పెప్సీ తెచ్చాడు. మూత తియ్యకముందే నాకు వాసన తెలిసింది. నా గ్లాసూ నింపాడు.

"నెలంతా రుషిలాగున్నావు. పండగ్గదా బావా, ఒక్క గుక్క. నేనెవరికి చెబుతాను, ఆయ్!"

కిటికీలో పొద్దు దిగుతోంది. రేడియోలో పాటలు. ఒక ఖర్జూరం తీసుకుని వెళ్లి ఖాదరు చెవి దగ్గర వంగాను.

"ఢాం!"

కళ్లు తెరవలేదు. బిస్మిల్లా అన్నాడు. చెయ్యి చాపాడు. ఖర్జూరం పెట్టాను. సగం కొరికి మిగతా సగం నా చేతిలో పెట్టాడు.

"తిను అన్నా" అని అటు తిరిగి పడుకున్నాడు.

గింజ నా వాటాకే వచ్చింది. బుగ్గన పెట్టుకుని రాస్తున్నాను. నిండు గ్లాసు ఇంకా అక్కడే ఉంది.