నూట నలభై ఏడేళ్ళ లాభం

మార్చి 11, మంగళవారం
మధ్యాహ్నం, ఆఫీసులో నా బల్ల దగ్గర

మహారాజశ్రీ బావగారి సముఖానికి, తమ ఏకైక బావమరిది నమస్కరించి రాసుకునేది. ఇక్కడ నేను, మా ఆవిడ, పిల్లలిద్దరూ క్షేమం. అక్కడ తమరు, అక్క క్షేమమని తలుస్తాను. తమ కారు కూడా క్షేమమనే తలుస్తాను, ఎందుకంటే ఈ ఉత్తరం అసలు దాని గురించే.

మర్యాదలు అయిపోయాయి బావా. ఇక కూర్చుని చదువు. ఫోన్ చెయ్యొచ్చుగా అనుకుంటావేమో. ఫోన్లో అయితే నేను రెండు మాటలు అనేలోపు నువ్వొక జోకు వేస్తావు, నీ పక్కన ఎవరో పగలబడి నవ్వుతారు, నేను చెప్పాలనుకున్నది గాలికి పోతుంది. కాయితంతో ఆ బాధ లేదు. నువ్వెంత నవ్వినా దీని మీద ఒక్క అక్షరం కూడా చెరగదు.

పోయిన నెల చిన్నాన్నగారి అమ్మాయి పెళ్ళిలో నీ ప్రతాపం చూశాను. చేతిలో మైకు ఒక్కటే తక్కువ. పెట్రోలు బంకు ఏ వీధిలో ఉందో కూడా మర్చిపోయానని, ఎలక్ట్రిక్ కారు కొన్నాక జేబు బరువెక్కుతోందని, ఇంకా పెట్రోలు పోయించుకునేవాళ్ళంతా వెర్రిబాగులవాళ్ళని పెళ్ళికొడుకు తండ్రికి గంటసేపు చెప్పావు. ఈ లెక్క వేసిచ్చింది మా కునుకు గుమాస్తాయే అంటూ నన్ను వేలు పెట్టి చూపించావు. కునుకు అనే పేరెలా వచ్చిందని ఆయన అడిగాడు. ఇంకేం, ఆ పాత కథ మళ్ళీ ఎత్తుకున్నావు. మా అమ్మాయి నా పక్కనే కూర్చుని ఉంది. దానికి పదమూడేళ్ళు. అందరితో పాటు అదీ నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ నా మొహం చూసి ఆపేసింది. మిగతా జనం నవ్వినందుకు నాకేం కాలేదు. అది ఆపేసినందుకే ప్రాణం చచ్చిపోయింది.

ఆ కథ నువ్వు చెప్పినట్టే అందరికీ తెలుసు. ఒక్కసారి నా వైపు నుంచి కూడా విను.

ఆరేళ్ళ కిందట మా ట్యాక్సీ షెడ్డులో మేనేజరు కుర్చీ ఖాళీ అయింది. అప్పటికి పద్నాలుగేళ్ళుగా నలభై బళ్ళ లెక్క నేనే రాస్తున్నాను. ఏ బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎంత తాగింది, ఏ టైరు ఎప్పుడు మార్చాం, ఏదడిగినా పుస్తకం తియ్యకుండా చెప్పగలను. ఆ కుర్చీ నాకేనని ఓనరు మాట కూడా ఇచ్చాడు. మేనేజరుకి షెడ్డు వెనకాల రెండు గదుల క్వార్టరు ఇస్తారు. మా ఆవిడ వెళ్ళి కర్టెన్ల కోసం కిటికీలు కొలుచుకుని కూడా వచ్చింది. సరిగ్గా ఆ వారమే ఓనరు తన కారుకి సీటు కవర్లు వేయించుకుందామని నీ షాపుకి వచ్చాడు. మీ బావమరిదిని మేనేజరుని చేస్తున్నానని పాపం సంతోషంగానే చెప్పాడు. నువ్వేమన్నావు? వాడు మామూలు కుర్చీలోనే లెక్కలు చూస్తూ కునుకు తీస్తాడండీ, మేనేజరు కుర్చీ ఇస్తే ఏకంగా దుప్పటీ దిండూ తెచ్చుకుంటాడు అన్నావు. ఓనరు నవ్వాడు. సోమవారం నాటికి ఆ కుర్చీలో ఎవరో బయటి మనిషి కూర్చున్నాడు. ఎందుకండీ ఇలా చేశారని అడిగితే, మీ ఇంటి మనిషే చెప్పాడు కదయ్యా అన్నాడు ఓనరు.

నిన్ను నిలదీస్తే, ఏదో నవ్వులాటకి అన్నాను, దానికే అంత మూతి ముడుచుకోవాలా అన్నావు. నీకది నవ్వులాట. మేం నలుగురం ఇప్పటికీ ఒక గది, ఒక వంటిల్లులోనే సర్దుకుంటున్నాం. నా బల్ల ఇప్పటికీ బళ్ళు కడిగే చోటు పక్కనే ఉంది, చలికాలంలో కూడా చెప్పులు తడిసే ఉంటాయి. డ్రైవర్లు నా చాటున కునుకు సార్ అంటారు. నాకు వినపడదనుకుంటారు.

సరే, ఇప్పుడు నా నవ్వులాట విను.

రెండున్నరేళ్ళ కిందట నువ్వే నన్ను వెతుక్కుంటూ ఈ బల్ల దగ్గరికి వచ్చావు. ఎలక్ట్రిక్ కారు కొంటే నిజంగా డబ్బు మిగులుతుందా, పెట్రోలు కారే నయమా, లెక్కలవాడివి కదా నువ్వే తేల్చు అన్నావు. అబ్బ, ఆ మాటతో నా కడుపు ఎంత చల్లబడిందో నీకేం తెలుసు! రెండు రోజులు గడువు అడిగాను. మా షెడ్డులో అప్పటికే ఆరు ఎలక్ట్రిక్ బళ్ళు ఉన్నాయి, వాటి అంకెలన్నీ నా దగ్గరే ఉన్నాయి. పెద్ద కాయితం మీద గడులు గీసి, మొత్తాలు ఎర్ర సిరాతో వేసి నీ చేతికిచ్చాను. ఎలక్ట్రిక్ బండికి అయిదు లక్షలు ఎక్కువ పెట్టాలి, నిజమే. కానీ కిలోమీటరుకి పెట్రోలు ఖర్చు ఏడు, కరెంటు ఖర్చు ఒకటిన్నర. ఏడాదికి మిగులు రెండు లక్షల ముప్పై వేలు. రెండేళ్ళ రెండు నెలలకి అయిదు లక్షలూ వెనక్కి వస్తాయి, ఆ తర్వాత అంతా లాభమే. ఆ కాయితంలో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు బావా. ఎంత తలపండిన ఆడిటర్ని పిలిచినా తప్పు పట్టలేడు.

అయితే మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఏ బండి లెక్క మొదలుపెట్టినా మొదటి గడిలో ధర రాయం, మైలేజీ రాయం. రోజుకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందో రాస్తాం. ఆ గడి నింపకుండా రెండో గడి జోలికి పోం. పనిలో చేరిన మొదటి రోజు నాకు నేర్పిన పాఠం అదే, కొత్తవాళ్ళకి నేను నేర్పేదీ అదే. నీ కాయితం మీద ఆ గడి లేదు. మర్చిపోయి కాదు, కావాలనే గీయలేదు. నువ్వు ఊళ్ళో అందరికీ చూపించుకు తిరిగిన ఆ లెక్క రోజుకి నూట నలభై కిలోమీటర్లు తిరిగే మా ట్యాక్సీది.

నువ్వెంత తిరుగుతావు? ఇల్లు పైన, షాపు కింద. పనికి వెళ్ళడానికి నువ్వు చేసే ప్రయాణం పంతొమ్మిది మెట్లు. సరుకు కోసం వారానికి రెండుసార్లు టోకు బజారు, ఆదివారం అక్కతో షికారు, అన్నీ కలిపినా సగటున రోజుకి ఏడు కిలోమీటర్లు దాటదు. పైగా షాపు నిండా సరుకు, కారు వీధిలో పెట్టాలి, ఫుట్‌పాత్ మీదుగా వైరు లాగితే జరిమానా వేస్తారు. చౌక కరెంటు నీకెక్కడ దొరుకుతుంది? మెయిన్ రోడ్డు మీది చార్జింగ్ స్టేషనే నీకు గతి. అక్కడ కిలోమీటరుకి మూడున్నర పడుతుంది.

ఇదిగో, నీ అసలు లెక్క ఇప్పుడు రాస్తున్నాను. నువ్వు ఏడాదికి తిరిగేది రెండు వేల నాలుగు వందల కిలోమీటర్లు. పెట్రోలు ఏడులో ఈ మూడున్నర పోగా, కిలోమీటరుకి మూడున్నర చొప్పున మిగిలేది ఎనిమిది వేల నాలుగు వందలు. ఇంజన్ ఆయిలూ గట్రా తప్పినందుకు ఇంకో నాలుగు వేలు కలుపుకో. ఇన్సూరెన్సు కింద ఎక్కువ కట్టే తొమ్మిది వేలు తీసెయ్. చేతికొచ్చింది మూడు వేల నాలుగు వందలు. ఈ లెక్కన నువ్వు ఎక్కువ పెట్టిన అయిదు లక్షలు వెనక్కి రావడానికి నూట నలభై ఏడేళ్ళు పడుతుంది. కారు అప్పు మీద వడ్డీ, బండి బరువుకి తొందరగా అరిగే టైర్లు, రేపెప్పుడో మార్చాల్సిన బ్యాటరీ నేనింకా వెయ్యలేదు, నీ మీద జాలితో వదిలేశాను. ఆయుష్మాన్ భవ బావా!

నన్నెవరైనా మంచి మనసుతో అడిగితే నేను చెప్పేది ఒక్కటే. బాగా తిరిగేవాడికి, ఇంటి దగ్గర ప్లగ్గు ఉన్నవాడికి ఎలక్ట్రిక్ కారు లాభం. తిరగనివాడికి పెట్రోలు కారే చవక, అసలు కారే లేకపోతే ఇంకా చవక. ఈ ముక్క ఆ రోజు నీ చెవిన వేసుంటే అయిదు లక్షలు నీ దగ్గరే ఉండేవి. వెయ్యలేదు. మా ఓనరు దగ్గర నువ్వు నా గురించి ఒక్క మంచి ముక్క అని ఉంటే నాకు రెండు గదుల ఇల్లుండేది. అనలేదుగా. చెల్లుకి చెల్లు.

కారు తెచ్చిన రోజు మమ్మల్ని పిలిచావు, గుర్తుందా? దాని చుట్టూ తిరిగి ఫొటోలు తీయించుకున్నావు, ఇంజన్ చప్పుడే లేదు చూడు అంటూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా తిప్పావు. నేను లోపల ఎంత సంతోషించానో చెప్పలేను, అలా సంతోషించినందుకు సిగ్గుపడను కూడా. అక్క మొహం చూసినప్పుడు మాత్రం కాస్త కలుక్కుమంది. అయినా నోరు మెదపలేదు. అప్పటి నుంచి మీ గడప తొక్కలేదు. అక్క ఫోన్ చేసినా పనిలో ఉన్నానని పెట్టేస్తున్నాను. ఎక్కువసేపు మాట్లాడితే నిజం కక్కేస్తానేమోనని నా భయం.

ఇప్పుడు ఆ భయం లేదు. ఈ ఉత్తరానికి రెండు జిరాక్సు కాపీలు తీయించాను, ఒకటి చిన్నాన్నగారికి, ఒకటి పెళ్ళికొడుకు తండ్రికి. ఇకమీదట ఏ పెళ్ళిలో నువ్వు కారు గొప్పలు మొదలుపెట్టినా ఎవరో ఒకరు నూట నలభై ఏడేళ్ళ సంగతి ఎత్తుతారు. అప్పుడు మా అమ్మాయి కడుపారా నవ్వుతుంది. నేను ఆపను.

అక్కకి నా నమస్కారాలు. ఆమె మీద నాకే కోపమూ లేదు.

ఇట్లు,
ఒక్క కునుకు కూడా తియ్యకుండా రాసిన
నీ బావమరిది

తా.క. గురువారం సాయంత్రం రాస్తున్నాను. ఆఫీసులో స్టాంపులు అయిపోయి, కవర్లు మూడూ రెండు రోజులు సొరుగులోనే ఉండిపోయాయి. మా షెడ్డులో బయటివాళ్ళ ఎలక్ట్రిక్ బళ్ళు కాంట్రాక్టు మీద తీసుకుంటున్నారు. ఈ పొద్దున దరఖాస్తుల కట్ట నా బల్ల మీదికి వచ్చింది. అందులో నాలుగోది నీది. వృత్తి అన్న చోట డ్రైవరు అని ఉంది. మీటరు డెబ్భై రెండు వేల కిలోమీటర్లు అని ఉంది. అదే పేరున్న వేరే మనిషి ఎవరో అనుకున్నాను. ఫొటో చూస్తే నువ్వే.

అక్కకి ఫోన్ చేశాను. ముందు ఏడ్చింది, తర్వాత చెప్పింది. కొత్త కార్లన్నీ సీటు కవర్లతోనే వస్తుంటే గిరాకీ పడిపోయి ఇరవై నెలల కిందటే షాపు మూసేశావట. కారు అమ్ముదామంటే సగం ధర కూడా పలకలేదట. ఖాళీ అయిన షాపులోనే బండి పెట్టి, షాపు కరెంటు మీటరు మీదే చార్జింగ్ పెట్టుకుంటూ, తెల్లారగానే ట్యాక్సీ తిప్పడం మొదలుపెట్టావట. రోజుకి నూట నలభై కిలోమీటర్లు. నువ్వు రాసిచ్చిన లెక్క అక్షరాలా నిజమైందిరా తమ్ముడూ, ఇంకో ఆరు నెలల్లో ఆ అయిదు లక్షలూ వచ్చేస్తాయి, నీ కాయితమే మాకు తిండి పెట్టింది, నీ రుణం ఎలా తీర్చుకోవాలో అంది అక్క. అంటే పెళ్ళిలో నువ్వు చెప్పింది నిజమే, షాపు సంగతి ఒక్కటే దాచావు. నువ్వు బండి తిప్పుతున్న ట్యాక్సీ కంపెనీ పోయిన వారం బోర్డు తిప్పేసిందట. మా షెడ్డు తీసుకోకపోతే వాయిదాలు ఆగిపోయి బండిని బ్యాంకువాళ్ళు పట్టుకుపోతారట. మరి నాకెందుకు చెప్పలేదే అని అడిగాను. వాడి కుర్చీ పోగొట్టినవాణ్ణి, వాడి బల్ల ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను అన్నావట. ఆ ఒక్క మాట ఆరేళ్ళ కిందట నాతోనే అని ఉంటే నీ సొమ్మేం పోయేది బావా?

మధ్యాహ్నం ఓనరు నీ దరఖాస్తు పట్టుకుని వచ్చాడు. ఇతను మీ బావే కదయ్యా, ఎలాంటి మనిషి అని అడిగాడు. నమ్ము, ఇలాంటి రోజు ఒకటి రావాలని ఆరేళ్ళుగా కాచుకుని ఉన్నాను. అందుకు పనికొచ్చే జోకులు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి, ఒక్కటి వేస్తే చాలు. బండి బాగుందండీ అన్నాను. బండి సంగతి కాదు, మనిషి సంగతి చెప్పు అన్నాడు. అక్క ఏడుపు ఇంకా చెవిలోనే ఉంది. మంచివాడండీ, నమ్మకంగా పని చేస్తాడు అన్నాను. ఆయన అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు.

సోమవారం పొద్దున ఆరింటికి బండి తీసుకురా. ఆలస్యం చేస్తే ఊరుకోను. జిరాక్సులు రెండూ చింపేశాను. దీన్నీ చింపెయ్యమని మా ఆవిడ పోరుతోంది కానీ చింపను, పంపుతున్నాను. నేనేం చేశానో నీకు తెలియాలి, అక్కకి కూడా చదివి వినిపించు, చెయ్యని మేలుకి ఆమె నాకు రుణపడి ఉంటే నేను భరించలేను. కుర్చీ పోయిందన్న సంగతి ఎప్పటికైనా మర్చిపోతానేమో. కానీ నా నోటితోనే నువ్వు మంచివాడివని చెప్పించుకున్నావు చూడు, అది మాత్రం ఈ జన్మలో క్షమించను.