పల్లి మొక్కకు బాపు బిళ్ల నంబరు

14-12-2011

బాపూ, నేను మంచిగున్న. ఫోన్ల చెప్తే సంబురంల మాట రాదని కార్డు రాస్తున్న.

మా పరిశోధన చేన్ల పల్లి మొక్కలకు నంబరు చీటీలు కట్టుకుంట పెద్ద తప్పు చేసిన. చిన్నప్పటిసంది నోటికున్నది గద, ఒక మొక్కకు నీ బొగ్గుగని హాజరు బిళ్ల నంబరు 1147 రాసిన. చేన్ల ఉన్నయే ఆరువందల మొక్కలు! మొన్న ల్యాబుల గింజల నూనె చూస్తే, మేం మూడేండ్లసంది దేవులాడే ఒలీక్ ఆమ్లం గా మొక్కలనే అన్నిటికంటె ఎక్కువున్నది. గసొంటి నూనె నెలలుంచినా వాసన పట్టదు. "ఈ 1147 ఏడికెల్లి వచ్చింది?" అని మా సారు గరమైండు. ఏడ్చుకుంట నీ సంగతి చెప్పిన. సారు నవ్వి, "విత్తనానికి గదే పేరుండనియ్" అన్నడు.

అవ్వ మోకాలు ఎట్లున్నది? జల్ది దవాఖానకు తోల్కపో. చింతకాయ తొక్కు పంపుమను, ఇక్కడి కూరలు సప్పగ సస్తున్నయ్.

నెలాఖరుకు రిటైరయితున్నవ్, బిళ్ల వాపసియ్యాలెనని అన్నం తింటలెవ్వంట. ఇచ్చెయ్ బాపూ. వచ్చే వానకాలం నీ నంబరు చేన్ల డ్యూటీ ఎక్కుతది.

నీ కాళ్లు మొక్కి,
బిడ్డ జమున