పెట్టె నా దగ్గర, కీబోర్డు బావ దగ్గర

వయసు డెబ్బై ఒకటి, నీటి సరఫరా కార్యాలయం బిల్లుల విభాగంలో కార్డులకు చిల్లులు కొట్టే పంచింగు ఆపరేటరుగా చేరి కంప్యూటరు ఆపరేటరుగా రిటైరైన నేను, మతి నా అదుపులో ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేతివ్రాతతో రాసి ఉంచుతున్న వీలునామా ఏమనగా:

నా మతి విషయంలో మా ఇంట్లో భిన్నాభిప్రాయాలున్నాయి. పాత కంప్యూటర్ల కోసం ముప్పై ఏళ్ళుగా ప్రతి ఆదివారం సెకండ్ హ్యాండ్ సంతలూ, మూతపడిన ఆఫీసుల వేలాలూ, పాత మిషన్లు ఇచ్చిపుచ్చుకునే మేళాలూ పట్టుకు తిరిగేవాడికి మతి ఎక్కడిదని వారి వాదన. అందుచేత నిన్న డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకున్నాను. వందలోంచి ఏడు చొప్పున తీసేస్తూ రమ్మన్నాడు. ఆగకుండా రెండు దాకా వచ్చాను. మధ్యలో ఎనభై ఆరు దగ్గర ఆయనే వేళ్ళు లెక్కపెట్టుకోవడం కళ్ళారా చూశాను. సర్టిఫికెట్ జతపరిచాను.

వచ్చే గురువారం నా గుండెకు ఆపరేషను. ఏమీ ఫరవాలేదని పెద్ద డాక్టరు మూడుసార్లు అన్నాడు. సంతలో అమ్మేవాడు బ్రహ్మాండంగా పనిచేస్తుందని మూడుసార్లు అంటే ఆ మిషను గతి ఏమిటో నాకు తెలుసు. కనుక ఇది రాస్తున్నాను.

1. నా స్వార్జితమైన ఇల్లు, అందులోని మంచాలు, బీరువాలు, వంటసామాను, బ్యాంకులో ఉన్నది యావత్తూ నా భార్యకు చెందవలెను. ఆమె వాటిని దాన విక్రయాది సర్వహక్కులతో అనుభవించవచ్చును. నా మిషన్ల పుణ్యమా అని ఆమె పదిహేనేళ్ళుగా ముందు గదిలో పక్కకి తిరిగి నడుస్తోంది. ఇకమీదట తిన్నగా నడవవచ్చును. ఆకుపచ్చ అక్షరాల చిన్న మానిటరు కూడా ఆమెదే. దాని మీద మొట్టమొదట ఆమె పేరే టైపు చేసి చూపించాను. చూసి, దీనికి కూరగాయలు తరగడం వచ్చా అని అడిగింది. రాదని ఒప్పుకున్నాను. అయినా ఆ పూట తెర ముందు నుంచి కదలలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పవద్దంది. ఇప్పుడు చెప్పాను, క్షమించాలి.

2. నా కుమారుడికి, పనిచేయని పదకొండు మిషన్లు. అతగాడు నేను ఆస్పత్రిలో ఉండగా పాత ఇనప సామాన్ల వ్యాపారిని ఇంటికి పిలిపించి, నాన్నగారి గది కిలో ఎంత పడుతుందని వాకబు చేశాడు. పసుపు పచ్చబడిన కేసును నేను మందు రాసి తెల్లబడడానికి ఎండలో పెడితే, తీసుకెళ్ళి చెత్తబండిలో వేసిన ఘనత కూడా ఇతనిదే. మిషన్లను తూకానికి ఇచ్చుకునే హక్కు ఇందుమూలంగా ఇస్తున్నాను. ఎర్ర చీటీ అంటించిన వాటిని ముట్టుకుంటే ఈ హక్కు రద్దు.

3. నా కుమార్తెను ఈ వీలునామాకు కార్యనిర్వాహకురాలిగా నియమిస్తున్నాను. కారణం ఒక్కటే. సంత నుంచి తెచ్చిన మిషనుకు వెంటనే స్విచ్ వేయకూడదని ఈ ఇంట్లో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ముందు మూత విప్పాలి, దుమ్ము ఊదాలి, లోపలి బ్యాటరీ కారిందేమో చూడాలి. ఎర్ర చీటీలున్న ఆరు మిషన్లూ, నా స్క్రూడ్రైవర్లూ, ఏ మిషను ఎక్కడ దొరికిందో రాసుకున్న నాలుగు నోటుపుస్తకాలూ ఆమెవి. పుస్తకాల్లో అమ్మినవాళ్ళను తిట్టిన తిట్లు ఉంటాయి. అవి దాటేసి చదువుకోవలెను.

4. మేళాల్లో నాతో పోటీపడే కళ్ళజోడాయనకు, పద్నాలుగు అంగుళాల రంగుల మానిటరు. నిక్షేపం లాంటి మిషను దగ్గర నిలబడి, పాపం, ఇది పోయిందండీ అని పెదవి విరిచి, జనం కదలగానే చంకలో పెట్టుకుపోవడం ఈయన విద్య. ఈ మానిటరు పోయిందని తొమ్మిదేళ్ళుగా నాతో అంటున్నాడు. పనిచేస్తుందని తెలిసి ఏడవవలెనని ఇస్తున్నాను.

5. ఇక అసలు విషయం. గోధుమరంగు కేసు, ఎర్ర స్విచ్ ఉన్న కంప్యూటరు పెట్టె ఒకటి నా మంచం పక్కన ఉంది. పంతొమ్మిదేళ్ళుగా అది ఒక్కసారీ పనిచేయలేదు. చెడిపోయి కాదు, దానికి కీబోర్డు లేక. దాని సాకెట్టులో వేరే కీబోర్డు ఏదీ పట్టదు. అసలుది మా అక్క భర్త, అనగా మా బావ దగ్గర ఉంది. నేను సంతలో పెట్టె బేరమాడుతున్న సందు చూసి బావ కీబోర్డు కాజేశాడని పంతొమ్మిదేళ్ళుగా ఊరంతా చాటుతున్నాను. అది అబద్ధం. జరిగింది ఇది.

ఆ రోజు సంతలో పెట్టే కీబోర్డూ పక్కపక్కనే ఉన్నాయి. రెండూ కలిసి ఉంటే ఎవడైనా కొంటాడు, విడిపోతే ఎవడికీ అక్కర్లేదు. అందుకని కీబోర్డు తీసి, పక్క దుకాణంలో ప్రింటరు కేబుళ్ళ అట్టపెట్టె అడుగున దూర్చాను. ఈ కక్కుర్తి పాత మిషన్లు పోగేసే మా వాళ్ళందరికీ ఉంది. పెట్టె బేరం చేసి, కొని, తిరిగి వచ్చేసరికి అట్టపెట్టె లేదు. బావ కొనుక్కుపోయాడని దుకాణంవాడు చెప్పాడు.

సాయంత్రం అక్క మా ఇంటికి వచ్చింది. చేతిలో ఒక కేబులు. నా ప్రింటరుకు ఆ కేబులు దొరక్క రెండు నెలలుగా నేను అందరి చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరుతున్నాను. అది కనపడిందని, ఒక్కటే విడిగా ఇవ్వనన్నారని, బావ నాకోసం అట్టపెట్టె మొత్తం కొన్నాడు. అడుగున ఏదో కీబోర్డుందిరా, ఎవరిదో నీకు తెలుసా అని అక్క అడిగింది.

నాదే, నేనే దాచాను అంటే సరిపోయేది. దొంగబుద్ధి బయటపడుతుందని నోరు రాలేదు. వెటకారం చేయడానికే వచ్చిందనుకుని, నువ్వు దొంగ పెళ్ళానివి, నా గుమ్మం తొక్కకు అన్నాను. చిన్నప్పుడు నాకు అక్షరాలు దిద్దించిన మనిషిని ఆ మాట అన్నాను. ఆమె కేబులు టేబులు మీద పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఆ మాట వెనక్కి తీసుకునేదాకా కీబోర్డు ఇచ్చేది లేదని బావ కబురు పెట్టాడు. న్యాయమైన మాటే. నేను తీసుకోలేదు. ఆ కేబులు మాత్రం నిక్షేపంగా వాడుకున్నాను.

బావ అట్టపెట్టె తనకోసం కొనలేదని నాకు ఆ సాయంత్రమే తెలుసు. తెలియక చేసిన తప్పు కాదని ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఈ వాక్యం నుంచి ఆయన్ను బావగారు అనే రాస్తాను.

కాబట్టి సదరు పెట్టెను మా అక్కకు సర్వహక్కులతో రాసి ఇస్తున్నాను. బావగారికి ఇవ్వకపోవడం అలక వల్ల కాదు. మాట పడింది ఆమె, పెట్టె ఆమెదే కావాలి. దొంగను నేను. ఆమె దొంగ అక్క తప్ప దొంగ పెళ్ళాం కాదు. సిగ్గుగా ఉంది అక్కా.

6. ఈ కాగితాలూ పెట్టే పట్టుకుని రేపు అక్క ఇంటికి వెళుతున్నాను. నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు. చూసి చదవగలను. తలుపు తీయకపోతే బయటినుంచే గట్టిగా చదువుతాను. వీధిలో వాళ్ళు విన్నా సరే. ఊరంతా చాటిందే కాబట్టి, ఊరంతా వినడమే సబబు. సంతకాలు కూడా అక్కడే.

ఇంతకుముందు నేను రాసిన వీలునామాలు ఏవీ లేవు. ఉన్నాయని మా అబ్బాయి అంటే నమ్మవద్దు.

2023 ఫిబ్రవరి 13, సోమవారం, మధ్యాహ్నం పన్నెండున్నర. అక్క ఇంటి ముందు గదిలో.

వీలునామా రాసినవాడి సంతకం

సాక్షులు:

(1) రాసినవాడి ఎదురింటి ప్లంబరు. పెట్టెను నా వ్యానులోనే తెచ్చాము. ఆయన చదివారు, అయిదో నంబరు దగ్గర కాగితాలు నా చేతికిస్తే మిగతాది నేను చదివాను. తలుపు ఒకటో నంబరు దగ్గరే తీశారు. నా ఎదుటే సంతకం పెట్టారు.

(2) రాసినవాడి అక్క. సాక్షి సంతకం పెట్టినవాళ్ళకు వీలునామాలో రాసింది చెల్లదని పక్కింటి ప్లీడరును ఫోనులో అడిగి తెలుసుకున్నాను. అందుకే పెడుతున్నాను. నువ్వు పోయాక వచ్చే పెట్టె నాకు వద్దురా. గురువారం గడిచాక లేచి వచ్చి, నీ చేత్తో ఇవ్వు.