శేరనుకొని ఇచ్చిన సమ్మతి

మల్కాపురం, విశాఖపట్నం,
13 నవంబరు 1986.

కంపెనీల రిజిస్ట్రారు గారి సముఖమునకు, హైదరాబాదు.

విషయం: సిమెంటు కంపెనీ షేర్లు రెండు వందలు – మిగతా సొమ్ము కట్టమని వచ్చిన నోటీసు – కట్టవలెనా మానవలెనా తెలియజేయుటకును, గడువు ఇప్పించుటకును విన్నపము.

అయ్యా,

నా పేరు రత్నమణి. వయస్సు యాభై. ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసయినాను. నా భర్త సుందర్ రాజ్ గారు పోర్టులో క్రేను నడుపుతారు. ఈనాటి వరకు నేను ఏ అధికారికీ ఒక్క ముక్క వ్రాసి ఎరుగను. మొన్న ఆదివారం మా స్త్రీల సమాజపు చిట్టమ్మ గారు ఆరాధన అయ్యాక మా చర్చి గుడి మెట్ల మీద నా చేయి పట్టుకొని, తన కంటి ఆపరేషనుకు పెద్దాసుపత్రి వారు డిసెంబరు మూడవ తేదీ ఇచ్చారని చెప్పింది. అప్పటినుండి నాకు అన్నం సహించడం లేదు. అందుచేత కలం పట్టుకొన్నాను. ఇటువంటి సంగతులకు అధికారి తమరేనని మా పొరుగున ఉన్న గురునాథరావు గారు చెప్పినందున తమకు వ్రాస్తున్నాను.

1. మా సమాజంలో ఒక ఆచారం ఉన్నది. ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బాలు గుడికి వస్తాయి. ఆ బియ్యం అమ్మిన సొమ్ము పోస్టాఫీసు పుస్తకంలో పడుతుంది. ఎవరింట జబ్బు చేసినా, పురుడు వచ్చినా అందులో నుంచే ఇస్తాము. తొమ్మిదేళ్ళుగా ఆ పుస్తకం నా చేతిలో ఉన్నది. ఇంటిల్లిపాదికీ చాలని రోజున కూడా గుప్పెడు తీసినవారు మాలో ఉన్నారని తమరు గమనించవలెను.

2. నిరుడు అక్టోబరులో నా చెల్లెలి భర్త ఆనందకుమార్ మా కూటానికి వచ్చాడు. "పోస్టాఫీసులో డబ్బు తొంగుంటాది వదినా. షేర్లలో పెడితే పిల్లల్ని పెడతాది. మూడేళ్ళు తిరిగితే ఒక షేరుకి రెండు షేర్లు," అన్నాడు.

మా వైపు నోటిలో షేరూ సేరే, శేరూ సేరే. చిట్టమ్మ గారు వెంటనే, "ఒక సేరుకి రెండు సేర్లా? ఏ ఊరి కొట్టోడు బాబూ ఆడు? దరమ పెబువు!" అన్నది. అందరూ నవ్వి చేతులెత్తారు. వారు బియ్యమనుకొన్నారు. ఆ సంగతి ఆనందకుమార్‌కు తట్టలేదు. నాకు తట్టింది. నేను లేచి, ఇది కొలత శేరు కాదమ్మా, కంపెనీలో వాటా అని చెప్పవలసినది. నలుగురిలో గొంతెత్తడం నాకు చేతకాదు. పైగా అందరూ అంత సంతోషంగా ఉన్నారు. తరువాత చెబుదాములే అనుకొన్నాను. ఆ తరువాత అన్నది పదమూడు నెలలయినది.

3. సమాజం పేర షేర్లు ఇవ్వరని ఆనందకుమార్ ఫారం మీద నా పేరు వ్రాశాడు. షేరు పది రూపాయలు. అందులో ఐదు మాత్రం ముందు కట్టాలి. రెండు వందల షేర్లకు వెయ్యి రూపాయలు కట్టాము. తన సొమ్ము కూడా ఆ కంపెనీలోనే పెట్టుకొన్నాడు గనుక అతనిని నేను నిందించను. కంపెనీ మీద కూడా నాకు ఫిర్యాదు లేదు.

4. గత నెల రిజిస్టరు కవరు వచ్చింది. పైన "ఫస్ట్ అండ్ ఫైనల్ కాల్" అని ఉన్నది. మా గుడిలో పిలుపు అంటే దేవుడు తన దగ్గరకు పిలుచుకోవడం. అందులోనూ ఇది ఆఖరి పిలుపట. కవరు పట్టుకొని ప్రార్థన గదిలో కూర్చుండిపోయాను. తరువాత కూడబలుక్కొని చదివితే, మిగిలిన ఐదేసి రూపాయలు ఈ నెల 29లోగా కట్టవలెనని, లేనిచో షేర్లు "ఫర్‌ఫీట్" చేయబడునని తెలిసింది. నిఘంటువులో చూశాను. జప్తు అని ఉన్నది. ఆనాటి నుంచి వీధిలో జీపు ఆగితే, ఇల్లు జప్తు చేయ వచ్చారేమోనని గరిటె వదిలి తలుపు గడియ పెడుతున్నాను. ఇల్లు నా భర్త పేర ఉన్నది. ఆయనకు ఈ సంగతి ఏదీ తెలియదు.

5. గురునాథరావు గారిది గోదావరి జిల్లా. ఆయిల్ కంపెనీలో గుమాస్తా. ఇంగ్లీషు పేపరు తెప్పిస్తారు. నోటీసు ఆయనకు చూపాను. "జప్తంటే మీ ఇల్లు కాదండి, ఆ షేర్లేనండి," అని నవ్వారు. నా ప్రాణం కొంచెం కుదుటపడింది. అంతలో పేపరు తిరగేసి, చీమలబారు వంటి అంకెల మీద వేలు పెట్టారు. "ఇదిగోనండి మీ సిమెంటు. పూర్తి సొమ్ము కట్టేసిన షేరే బజార్లో నాలుగు రూపాయలకి దొరుకుతోందండి. మీరింకో ఐదు పెట్టి నాలుగు రూపాయల సరుకు తెచ్చుకుంటారన్న మాట."

"అయితే వదిలేస్తే పోతుంది కదండీ?" అన్నాను.

ఆయన నవ్వడం మానేశారు. "ఆగండాగండి. ఇక్కడ చిన్నక్షరాల్లో ఏదో ఉందండి. షేర్లు పోయినా బాకీ పోదంటున్నాడు!"

అయ్యా, ఇది ఏ లోకపు న్యాయమో నాకు అర్థం కాలేదు. వస్తువు వారే తీసుకొంటారు, దాని వెల నేనే కట్టాలి. గేదె చనిపోయినా పాలవాడికి పాల డబ్బు ఇచ్చినట్టున్నది.

6. పుస్తకంలో ఉన్నది వెయ్యిన్ని నలభై రూపాయలు. అది చిట్టమ్మ గారి కంటికి. ఆమె ప్రతి ఆదివారం నన్ను అడుగుతుంది: "ఏటి రత్నమ్మా, మన సేర్లు పెరుగుతన్నాయా, పురుగట్టిపోనాయా?" అందరూ నవ్వుతారు. నేను కూడా నవ్వుతాను.

కావున తమరు దయతో తెలుపవలసినవి: ఆ వెయ్యి కట్టమంటారా, వదులుకోమంటారా? వదులుకొంటే బాకీ నిజంగా నిలుస్తుందా? శేరనుకొని ఇచ్చిన సమ్మతి షేరుకు చెల్లుతుందా? చెల్లదంటే దానికి శిక్ష ఎవరికి? గడువు కొద్ది రోజులు పెంచగలరేమో తమరే కంపెనీ వారిని అడగవలెను. ఉత్తరం మాత్రం మా ఇంటికి కాక గురునాథరావు గారి ఇంటికి పంపవలెను.

భయపడుతూ వ్రాసినదానిని దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
రత్నమణి

తా.క. సంతకం చేసి కవరు అంటించబోతూ ఉండగా చిట్టమ్మ గారు వచ్చింది. కాగితాలు కొంగు కిందికి లాక్కొన్నాను. ఆ పొర కమ్మిన కంటికి కూడా అది కనబడింది.

"ఏటే అది? ఏటి దాస్తన్నావు?"

చెప్పేశాను. మొదటినుంచీ చెప్పాను. అవి బియ్యం శేర్లు కావని కూడా చెప్పాను. తిడుతుందనుకొన్నాను. తిట్టినా బాగుండేది. గోడకు ఆనుకొని కూర్చుంది.

"అయితే సగం కట్టి ఒగ్గేత్తే మాట తప్పినోలం అయిపోమేటి?" అన్నది. "పుస్తకంలో ఉన్నాయి కదా, కట్టీ. నా కన్నుకేటి తొందర? ఒంటి కంటితో ఇన్నాల్లూ గుప్పెడు తియ్యలేదేటి నాను?"

"కడితే అవీ పోతాయి పెద్దమ్మా."

"నువ్వు సదూకున్నదానివి. నువ్వుండగా మాకేటి బయం?"

ఇరవై మూడవ తేదీ ఆదివారం కూటంలో అందరి చేతా చేతులెత్తిస్తానని చెప్పి, తడుముకొంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అయ్యా, జీపు భయం పోయింది. ఇప్పుడున్నది దానికంటె పెద్ద భయం. వారు నిజంగానే చేతులెత్తుతారు. ఆనాడు నేను లేచి, వద్దు, ఆ సొమ్ము ముట్టవద్దు, అది కంటిది, బాకీ నిలిస్తే నా పేర నిలవనివ్వండి, నాకు రెండు గాజులున్నవి అని చెప్పవలెను. నా భర్తకు ముందురోజు చెబుతాను. తమ జవాబు వచ్చినా, రాకపోయినా చెబుతాను. ఆ మాట ఇక్కడ ఎందుకు వ్రాస్తున్నానంటే, వ్రాయకపోతే ఆ రోజు మళ్ళీ కూర్చుండిపోతాను. నన్ను నేను ఎరుగుదును.

కనుక జవాబు ఇవ్వడానికి వీలుకాకపోయినా ఈ కాగితాలను చించవద్దు. తమ బీరువాలో ఒక మూల ఉంచండి. కంపెనీ వారికి గాని, మా వారికి గాని, ఎవరికీ చూపవద్దు. నా మాట ఒకచోట భద్రంగా ఉన్నదని తెలిస్తే చాలు, నేను లేచి నిలబడగలను.