ఇసుక కింద గుండప్ప

చింతామణి,
ఆదివారం ఉదయం.

చిరంజీవి నేత్రకు నాయన దీవెనలు.

దీవిస్తే ఏమీ జరగదని ముప్పై ఏళ్ళుగా వేదికలెక్కి వాదించినవాణ్ణి. అయినా ఈ ఉత్తరం దీవెనతోనే మొదలుపెట్టాలనిపించింది. ఇక్కడ నేనూ అమ్మా బాగున్నాం. ‘అందరం బాగున్నాం’ అని రాయబోయి చెయ్యి ఆగింది. ఎందుకో తర్వాత చెబుతాను. అక్కడ కార్వార్ తీరంలో నీ పని ఎలా సాగుతోందో, వేళకు తింటున్నావో లేదో రాయి. ఫోనెత్తితే రెండో నిమిషానికే తగాదాకు దిగుతాం కాబట్టి ఉత్తరాలే మేలన్నావు. నిజమే. కాగితం మీద నీ మాటకు అడ్డం రావడం నాకు చేతకాదు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. పీతల గాజుపెట్టెలో తేమ మీటరు ఈ రోజు ఎనభై చూపిస్తోంది. బయట మన చింతామణి గాలికి మనుషుల పెదాలే పగులుతున్నాయి. గిన్నెలు రెండూ రోజూ మారుస్తున్నాను, ఒకటి మంచినీళ్ళు, ఒకటి ఉప్పునీళ్ళు. కొళాయి నీళ్ళలో క్లోరిన్ పోవడానికి నువ్విచ్చిన చుక్కలు వేశాకే పోస్తున్నాను. వంటింటి ఉప్పు ముట్టలేదు, నువ్వు పంపిన సముద్రపు ఉప్పే. దానికి అమ్మ, “ఉప్పుకు కూడా మడి పెట్టిందే నీ కూతురు!” అని నవ్వుతోంది.

చిట్టి ఇల్లు మార్చింది. నువ్వు పెట్టిన తెల్ల గుల్లను రెండు రోజులు కొలిచి కొలిచి చూసి, మూడోనాడు అందులో దూరింది. అది వదిలేసిన ఎర్రరంగు గుల్లను రోకలితో నలగ్గొట్టాను. కోపం రాదా మరి? సముద్రపొడ్డున పట్టుకొచ్చి, గుల్లకు పెయింటు పూసి, తీగల పంజరంలో పెట్టి, ‘పెంచడం చాలా సులభం’ అని అట్ట తగిలించి అమ్మేవాణ్ణి వ్యాపారి అంటారా? మొప్పలు తడిగా ఉంటేనే ఊపిరాడే జీవి అది. ఆ పంజరంలో రోజుల తరబడి ఊపిరాడక చస్తుంది. పిల్లలు ముచ్చటపడుతుంటే తల్లిదండ్రులు కొంటారు. దానికి సన్యాసి పీత అని పేరొకటి! ఇల్లు వీపున మోసుకు తిరిగేది సన్యాసి ఎలా అయింది? పచ్చి సంసారి. ఏ తీరం నుంచి తెచ్చారో తెలియదు కాబట్టి తిరిగి వదలలేమని నువ్వు అలాంటివాడి స్టాలు నుంచి రెండింటినీ కొనుక్కొచ్చిన రోజు, “దేశంలో ఇన్ని సమస్యలుంటే పీతలా!” అని నీ మీద అరిచాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఇక రెండోది, గుండప్ప. గత రెండు ఉత్తరాల్లో ‘గుండప్ప బాగుంది’ అని రాశాను. అబద్ధం. బాగుందో లేదో నాకు తెలియదు.

అది తిండి మాని, ఇసుక తవ్వుకుని కిందికి దిగి ఇవాళ్టికి ముప్పై ఒక్క రోజులు. దిగిన వారానికి సోమేనహళ్ళి నుంచి మా చిన్నాయన కొడుకు పిళ్ళప్ప వచ్చాడు. వాడి చేతిలో పట్టుపురుగు చెడిందని విన్నవాళ్ళు లేరు. పెట్టెలోకి తొంగిచూసి అడిగాడు.

“మేత ఇడిసి కూసునిందా అన్నా?”

“అవునప్పా. ఇది కూడా కుబుసం ఇడిసేదే.”

“అట్లయితే జ్వరానికి పోయిండాది. ఇంత చెమ్మలో పెట్టుకోనుండావే! కుళ్ళిపోతాది. మూత తీసి గాలాడనీ, పైన సున్నం చల్లు. మీయమ్మ చేస్తాన్నింది మరిసిపోయినావా?”

మరిచిపోలేదు, అదే నా కొంప ముంచింది. పట్టుపురుగులు కుబుసం విడిచే వేళను మనవాళ్ళు జ్వరం అంటారని నీకు తెలుసు. పడక ఎండుగా ఉండాలని పల్చగా సున్నప్పొడి చల్లుతారు. నా చిన్నప్పుడు నాలుగో జ్వరానికి సున్నపు జల్లెడ పట్టుకున్నది నేనే. ఆ రోజు కూడా నేనే పట్టాను. మీ అమ్మ, “బిడ్డ రాసిపెట్టిన కాగితం చూసినావా?” అని అడిగింది. “పురుగుల మధ్యన పుట్టినోణ్ణి, నాకు చెప్పొద్దు!” అని కసిరాను. రెండు రోజులు మూత తీసే ఉంచాను.

మూడోనాడు బాగేపల్లిలో రైతుల సభ. డబ్బా మీది చీటీ చదవకుండా పురుగుమందు కొడతారా అని నేను గొంతు చించుకుంటుంటే, ముందు వరసలోంచి ఆంజనప్ప అనే పెద్దాయన లేచాడు. “మీరు అన్నీ చదివే చేస్తాండారా స్వామీ?” అన్నాడు. అందరూ నవ్వారు. బస్సు దిగి నేరుగా ఇంటికొచ్చాను. చెప్పులు విడవకుండానే ఫ్రిజ్ మీది నీ కాగితం ముందు నిలబడ్డాను. ‘గుండప్ప ఇసుకలోకి దిగితే రెండు నెలలైనా పట్టొచ్చు. తవ్వొద్దు. ఎండనివ్వొద్దు. పైన ఏదీ చల్లొద్దు. నాయనా, ముఖ్యంగా నువ్వు.’

కింద గీత కూడా గీశావు.

మీటరు నలభై ఒకటి దగ్గర ఉంది. చిట్టిని వేరే డబ్బాలోకి మార్చి, పైనున్న తెల్లటి పొరను చెంచాతో తీసేశాను. తర్వాత నీళ్ళు చిలకరించి మూత బిగించాను. అంతా తీశానో లేదో తెలియదు. మిగిలిన సున్నం ఆ తడితోపాటే కిందికి దిగిందేమోనన్న భయం నన్ను తినేస్తోంది. కొత్త చర్మం పాలమీగడలా ఉంటుందట, చదివాను. దానికి సున్నం తగిలితే?

ఆధారం చూపించండని ఊరూరా అరిచేవాణ్ణి. ఇప్పుడు ఆధారం జానెడు ఇసుక కింద ఉంది. తవ్వితే ఆధారం దొరుకుతుంది, ప్రాణం ఉంటే అది పోతుంది. తవ్వకపోతే ఇలాగే ఉండాలి. ఇన్నేళ్ళలో నన్ను బెదిరించినవాళ్ళున్నారు, సభల్లో రాళ్ళు వేసినవాళ్ళున్నారు. అప్పుడు జంకనివాణ్ణి, ఈ పెట్టె మూత ఎత్తే ముందు రెండుసార్లు నీ కాగితం చదువుకుంటున్నాను.

చచ్చిన పీత ముందు వాసనతోనే తెలుస్తుందని నువ్వు కాగితం చివర రాశావు. అందుకే రోజూ లేవగానే ముక్కు పెట్టి చూస్తున్నాను. నిన్న మీ అమ్మ పక్కకొచ్చి కూర్చుంది.

“బయం ఏస్తాందా?”

“ఏస్తాంది.”

“బిడ్డకు రాయి. వాదించకుండా రాయి.”

రాశాను. వెళ్ళేటప్పుడు నువ్వు అన్నావు, “ఊరందర్నీ ప్రశ్నించమంటావు నాయనా, ఇంట్లో ప్రశ్నిస్తే మాత్రం అరుస్తావు” అని. ఇప్పుడు నేనే అడుగుతున్నాను. ఏం చెయ్యమంటావు? నువ్వు చెప్పిందే చేస్తాను. ఏమీ చెయ్యొద్దంటే, నాకు అన్నిటికన్నా కష్టమైన ఆ పని కూడా చేస్తాను.

ఈ ఉదయం మూత వేలెడంత ఎత్తి ముక్కు పెట్టాను. తడి ఇసుక వాసన. ఇంకేమీ లేదు. మళ్ళీ మూసేశాను.

ఇట్లు,
నీ కాగితాన్ని ఆలస్యంగా చదివిన నాయన,
ఆదినారాయణప్ప