లివర్‌లో నల్ల చుక్కలు

2025 మార్చి 3
మనీషాకు సూర్యాపేటలో అల్ట్రాసౌండ్. నా బిడ్డకు చిన్నప్పటి నుంచి షుగర్. షుగర్ పడిపోతే అందరికీ ముందుగా వచ్చే వణుకు రాదు, చెమట పట్టదు. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలుతుంది. పోయినేడు బడిలో పాఠం చెబుతూ బోర్డు ముందే కూలింది. ఆ తర్వాతే హైదరాబాద్ ట్రయల్‌లో, చనిపోయిన ఒక దాత ఇన్సులిన్ కణాలను బిడ్డ లివర్‌లోకి ఎక్కించారు. అవి బతికితే ఆ వణుకు తిరిగొస్తుందని అక్కడి డాక్టరమ్మ ఆశ. చస్తే, వాటిని కాపాడే మందులు ఆపాలి. ఆ మందులతో ఊరికే జ్వరాలు.

ఆ కణాలు ఉన్నాయో లేవో చూడమంటే స్కానింగాయన, ఇసుక రేణువులంత ఉంటయ్, గీ మెషీన్ల యాడ దేవులాడాలె పెద్దమనిషీ అన్నాడు.

మార్చి 9
మిర్యాలగూడలో సీటీ. అక్కడా ఏమీ కనిపించలేదు.

మార్చి 10
ఎమ్మారై ఒక్కటే దిక్కు. ఆ కణాలకు ఎక్కించే ముందే ఇనుము పట్టించారట, నల్ల చుక్కల్లా కనిపిస్తాయట. నాకిట్టే అర్థమైంది. రైస్ మిల్లులో సార్టెక్స్ మెషీన్ కూడా కెమెరాతో చూసి నల్ల గింజను ఊది పారేస్తుంది. మా ఆపరేటర్ బీరప్ప, గుట్కా పళ్లను గూడ ఏరుతదా అని ఒకసారి నోరు పెట్టబోయాడు. అదో పెద్ద కథ.

మార్చి 18, సాయంత్రం, బస్సులో
ఎమ్మారైలో లివర్ మొత్తం నలుపే. ఐరన్ ఎవరెక్కించారని డాక్టరమ్మ నిలదీసింది. ఎవరూ లేదన్నాను. మా ఆవిడ సులోచన కొంగు నలుపుతోంది.

పోయిన నెల కోదాడలో, తన పుట్టింట్లో, బిడ్డ నీరసంగా ఉందని ఆరెంపీ ఏసుబాబుతో ఐరన్ సెలైన్ పెట్టించిందట. మా వైపు నీరసానికి సెలైన్ పెట్టించడమంటే చుట్టానికి చాయ్ పోసినట్టే. ఫోన్ చేస్తే అతను, బలానికే పెట్టానండీ బాబాయ్ గారూ, పిల్ల తేరుకుంది కదండీ అన్నాడు. సులోచనేమో, పిల్ల వాడిపోతుంటే సూసుకుంట కూసోవాల్నా అని నా మీదికే లేచింది.

బియ్యమంతా నల్లబడ్డాక సార్టెక్స్ దేన్ని ఏరుతుంది?

మార్చి 26
పెట్ స్కాన్‌లో బతికిన కణాలే వెలుగుతాయట. దానికోసం ఒంట్లోకి ఎక్కించే మందు ఈతకల్లు లాంటిది, నిలవ ఉండదు. పొద్దున చేసింది పొద్దున్నే వాడాలి. ఇవాళ బ్యాచ్ చెడిపోయింది. మళ్లీ బస్సు.

రక్త పరీక్షలో ఇన్సులిన్ జాడ కొంచెం ఉందట. కొంచెం అంటే ఎంత బతికినట్టు?

మార్చి 27
సులోచన కట్టిన టిఫిన్ వదిలేసి మిల్లుకు పోయాను.

ఏప్రిల్ 2
మందులు ఆపుదామా అని డాక్టరమ్మ ఫోన్. రేపు చెబుతానన్నాను.

ఏప్రిల్ 3
పొద్దున వంటింట్లోంచి మనీషా కేక. బాపూ, నా చేతులు వణుకుతున్నయ్, జర శక్కర్ పట్టుకరా అని.

నా బిడ్డ చేతులు వణికాయి. సులోచన వాడకట్టంతా చక్కెర పంచింది.