విప్పి బిగించిన బ్రేకులు

దొరసానికి,

నీ మిస్త్రీ రాస్తున్నది. ఇక్కడ నేనూ, నీ తమ్ముడూ, షెడ్డులో పిల్లీ క్షేమం. నువ్వు కూడా అక్కడ క్షేమమని తలుస్తాను అని రాయబోతే చెయ్యి ఆగిపోయింది. ఆ ముక్క వదిలేస్తున్నాను, ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం సోమవారం అందింది. అంతా నువ్వు చెప్తుంటే ఆసుపత్రి నర్సమ్మ రాసిన గుండ్రటి చేతిరాతే. చివరి వాక్యం ఒక్కటే నీది. అక్షరాలు కాగితం మీద కిందికి జారిపోతున్నాయి. ఆ వాక్యం సంగతి చివర్లో రాస్తాను. ముందు మిగతావాటికి జవాబులు చెప్పనీ.

తింటున్నారా అని అడిగావు. తింటున్నాను. గుడ్డు ఉడకబెట్టడంలో ఆరితేరాను. ఉప్పు డబ్బా మాత్రం ఇప్పటికీ దొరకలేదు. దాన్ని ఎక్కడ పెట్టావో నీకే తెలియాలి. షెడ్డు పైకప్పు ఇప్పుడు కారడం లేదు, కొత్త రేకు వేశాను. కింద పెట్టిన బకెట్ మాత్రం తీయలేదు, పిల్లి అందులోనే పడుకుంటోంది.

నీ గోధుమరంగు కోటుని ఇప్పటి నీ ఒంటికి సరిపడా బిగించడం అయిపోయింది. నర్సమ్మ పంపిన కొలతలు చూసి నీ తమ్ముడు, "బావా, ఈవిడ అంకెలు తప్పు రాసినట్టుంది" అన్నాడు. తప్పు కాదురా అన్నాను. టేపు మెడలో వేసుకుని మిషన్ ముందు కూర్చున్నాడు. రెండు వైపులా నాలుగేసి వేళ్ళు లోపలికి తీసి కుట్టాడు. మిగిలిన గుడ్డ మాత్రం కత్తిరించలేదు, లోపలికి మడిచి ఉంచాడు. "మళ్ళీ ఒళ్ళు చేస్తే విప్పుకోవచ్చు బావా" అన్నాడు. అవునన్నాను.

ఇక బండి సంగతి. నీకు తెలియనిదేముంది, అయినా మొదటి నుంచీ చెప్తాను. కోళ్ళు కాపురముంటున్న ఆ ఎర్ర రెండు సీట్ల బండిని నేను తుక్కు కొట్టు నుంచి లాక్కొచ్చిన రోజు నువ్వు వారం మాట్లాడలేదు. తర్వాత మొదటిసారి ఎక్కావు, పోస్టాఫీసు వాలులో బ్రేకు తొక్కితే అది ఎడమకి లాగి మనిద్దరినీ మంగలి కొట్టు అద్దం దాకా తీసుకెళ్ళింది. సబ్బు నురగ మొహంతో ఒకాయన పరిగెత్తడం గుర్తుందా? "ఇది ఆగడం నేర్చుకున్నాక చెప్పండి, అప్పుడు ఎక్కుతాను" అన్నావు. అన్న మాట ఇరవై ఏళ్ళు నిలబెట్టుకున్నావు.

అలాగని షెడ్డులో నిలబెట్టిన ఆ బండిలో నువ్వు కూర్చున్నంతసేపు ఇంకెవరూ కూర్చోలేదు. బ్రేకు పట్టాలంటే ఆయిల్ పైపుల్లోంచి గాలి తీయాలి, దానికి ఇద్దరుండాలి కదా. నేను కింద పడుకుని "తొక్కు" అంటే పెడల్ తొక్కేదానివి, "ఆగు" అంటే కాలు అలాగే బిగబట్టేదానివి, నేను నట్టు బిగించాక "తియ్యి" అంటేనే తీసేదానివి. ఒడిలో చిక్కుడుకాయలు వొలుచుకుంటూ కూడా ఒక్కసారి తప్పు చేయలేదు.

నీ తమ్ముడు అలా కాదు. కుట్టుమిషన్ కాలు కదా, తొక్కమంటే టకటకా తొక్కుతూనే ఉంటాడు, ఆగమంటే ఆగడు. పోయిన గాలి కంటే లోపలికొచ్చిన గాలి ఎక్కువ. ఏరా, బండికి అంచు కుడుతున్నావా అని కింద నుంచి అరిచాను. ఆ రోజు నవ్వాను. నువ్వు వెళ్ళాక నవ్వింది అదొక్కసారే.

ఇప్పుడు అసలు మాట. నిన్ను ఆసుపత్రిలో చేర్చిన రోజు, ఉండనని మొండికేసి, నేను కాళ్ళా వేళ్ళా పడితే ఒక షరతు పెట్టావు. "బండికి మంచి బ్రేకులు వేయించి, దాంట్లోనే వచ్చి నన్ను ఇంటికి తీసుకెళ్ళండి. అప్పటిదాకా వీళ్ళు ఎన్ని సూదులు పొడిచినా కిక్కురుమనను." సరేనన్నాను. మర్నాడు డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, ఇక్కడుంటే ఆరేడు నెలలు లాగగలమనీ, ఇంటికి తీసుకెళ్తే నెలో, నెలన్నరో అనీ చెప్పాడు. నీకు చెప్పొద్దని నేనే బతిమాలాను. ఆయన నీకూ చెప్పాడని మొన్నటి ఉత్తరంలో చదివాక సిగ్గేసింది. ఇన్నాళ్ళూ ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకున్నాం.

బ్రేకులు మూడు నెలల కిందటే అయిపోయాయి. ముందు చక్రాలకి పాత డ్రమ్ములు తీసేసి డిస్కులు వేశాను, మాస్టర్ సిలిండర్ కొత్తది, పైపులు కొత్తవి. పెడల్ మీద బొటనవేలు ఆన్చితే బండి బుద్ధిగా నిలబడింది. అది చూసి నాకు సంతోషం కలగలేదు. బ్రేకులు అవనంత కాలం నువ్వు బతికుంటావు, నా బుర్రలో ఉన్న లెక్క అదొక్కటే.

నీకు అబద్ధం రాయడం నాకు రాదు. రాస్తే నువ్వు పట్టేస్తావు. అందుకని ఉత్తరం రాసే రోజు పొద్దున్నే షెడ్డులోకి వెళ్ళి ఎడమ చక్రం దగ్గర పైపు విప్పేసేవాణ్ణి. ఆయిల్ కారేది. చేతులు తుడుచుకుని వచ్చి, "ఎడమవైపు పైపు కారుతోంది, బ్రేకులు ఇంకా కాలేదు" అని రాసేవాణ్ణి. అక్షరం అబద్ధం లేదు. పోస్టులో వేసొచ్చి మళ్ళీ బిగించేవాణ్ణి. నాలుగు ఉత్తరాలు అలాగే రాశాను. నాలుగుసార్లూ గాలి తీయడానికి నీ తమ్ముడు వచ్చాడు. నాలుగోసారి, "బావా, నేను గుడ్డలు కుట్టేవాణ్ణే కానీ గుడ్డివాణ్ణి కాను. బాగున్నదాన్ని ఎందుకు విప్పుతున్నావు?" అన్నాడు. నేను కింద నుంచి "తొక్కు" అన్నాను. వాడు తొక్కాడు. అప్పటికి ఆగడం కూడా నేర్చుకున్నాడు.

అన్నిసార్లు విప్పి బిగిస్తే ఏ పైపు మూతి మాత్రం నిలుస్తుంది? మొన్న శనివారం పోస్టాఫీసు వాలులో దిగుతుంటే పెడల్ ఒక్కసారిగా నేలకి వెళ్ళిపోయింది. పై ప్రాణాలు పైనే పోయాయి. చేతి బ్రేకు లాగితే పోస్టుమాన్ సైకిలుకి జానెడు దూరంలో ఆగింది. ఆయన దిగి, సంచి సర్దుకుని, "మీ ఇంటావిడ ఉత్తరాలు తెచ్చేది నేనేనయ్యా, నన్నే పంపించేస్తే ఎలా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ సైకిలు మళ్ళీ ఎక్కలేదు, నడిపించుకుంటూ వెళ్ళాడు. ముప్పై ఏళ్ళు పక్కవాళ్ళ ప్రాణాలు నా స్పానరు మీద ఉన్నాయని గొప్పలు చెప్పుకున్నవాణ్ణి, చేతులారా మంచి బ్రేకుని పాడు చేశాను.

ఇంటికొచ్చేసరికి ఏడుపొచ్చింది. రెండ్రోజుల తర్వాత నీ ఉత్తరం వచ్చింది. నీ చేత్తో రాసిన ఆ చివరి వాక్యం: "పైపు ఎన్నిసార్లు కారుతుందండీ? నాకు అలసటగా ఉంది."

నువ్వు మొదటి ఉత్తరానికే పట్టేశావని నాకిప్పుడు అర్థమైంది. అయినా మూడు నెలలు నాకోసం సూదులు పొడిపించుకున్నావు. ఆ మూడు నెలలు నీవి, నేను తీసేసుకున్నాను. క్షమించమని ఎలా అడగాలో తెలియడం లేదు.

నిన్న కొత్త పైపు చేసి వేశాను. నీ తమ్ముడు తొక్కాడు, గాలి చుక్క లేకుండా తీశాం. నీ సీటు మీద గ్లాసులో సగానికి నీళ్ళు పెట్టి అదే వాలు నాలుగుసార్లు దిగాను, మంగలి కొట్టు ముందు మెత్తగా ఆపాను కూడా. సీటు తడవలేదు. ఇక పైపు విప్పను.

వచ్చే గురువారం పొద్దున వస్తున్నాను. డాక్టరుతో మాట్లాడాను, కాగితాలు రాసిస్తానన్నాడు. దారిలో గాలి కొడుతుంది, కోటు వేసుకుందువుగాని, తెస్తున్నాను. ఇన్నేళ్ళూ నువ్వు కూర్చున్నది డ్రైవరు సీటులో, పక్క సీటు నీకు కొత్తగా ఉంటుంది. అలవాటు కొద్దీ కాలు చాపకు, అక్కడ పెడల్ ఉండదు. తొక్కడం నేను చూసుకుంటాను. నువ్వు ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతాను.

ఇట్లు,
నీ ఇంటాయన